మూత తీసిన చెయ్యి

ఆ నొక్కులు తనవి కావు!

కూరమ్మ పొయ్యి ముందు కొయ్యబారిపోయింది. సెగ ఒకే వైపు తగలకుండా గిన్నెను అరచుట్టు తిప్పుదామని గుడ్డ పట్టుకుని వచ్చింది. ఎదురుగా ఇనప గిన్నె ఉంది, దాని మీద బరువైన మూత ఉంది, మూత చుట్టూ తను మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అంటించిన గోధుమపిండి తాడు ఉంది... కానీ ఆ తాడు మీద వేళ్ళతో నొక్కిన నొక్కులు మాత్రం తనవి కావు. తను కుడిచేత్తో నొక్కుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం అదే చెయ్యి, అదే వాలు. జడ అల్లినట్టు నొక్కులన్నీ కుడివైపుకు వాలి ఉంటాయి. ఇప్పుడేమో ఒక్కటి మిగలకుండా అన్నీ ఎడమవైపుకు వాలి ఉన్నాయి! అంటే ఎవరో మూత తీశారు. తీసి, పాత పిండి గీకేసి, కొత్త పిండి కలిపి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అంటించారు. ఈ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే ఉంది.

అత్తగారికి!

పోనీ ఇదేదో మామూలు ఆదివారమా అంటే అదీ కాదు. సాయంత్రం ఏడు గంటలకు బడి క్యాంటీన్ మేనేజరమ్మ భోజనానికి వస్తోంది. పన్నెండేళ్ళు ఆ క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషిగా చేసింది కూరమ్మ. అసలు కూరమ్మ అన్న పేరు పెట్టిందే ఆ బడిపిల్లలు. "కూరమ్మా, ఇంకో గరిటె!" అని పళ్ళేలు చాచిన పిల్లలు మీసాలొచ్చాక వీధిలో కనబడినా అదే పేరుతో పిలుస్తారు. ఏడాదిన్నర కిందట మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆ పని మానేసింది. మొన్న మంగళవారం ఆ చోటు మళ్ళీ ఖాళీ అయిందని తెలిసి తనే వెళ్ళి అడిగింది. "మీరంటే పిల్లలకి ప్రాణమే... కానీ ఏడాదిన్నర అయింది కదండీ. ఆదివారం మీ ఇంటికి భోజనానికొస్తాను. ఆ బీఫ్ చేసి పెట్టండి. తిన్నాక మాట్లాడుకుందాం" అంది మేనేజరమ్మ. కాబట్టి ఇవాళ ఆ గిన్నెలో ఉడుకుతున్నది కూరమ్మ పరువే అనుకోవాలి.

ఆ వంటంటే మాటలు కాదు మరి! పొద్దున్నే మాంసం కొట్టుకు వెళ్ళి, "భుజం వైపుది, అరచేతి మందాన కొయ్యి బాబూ. బద్ధకించి పల్చగా కోశావో, తెచ్చి నీ బల్ల మీదే పడేస్తా" అని దగ్గరుండి ఆరు స్టేక్ ముక్కలు కోయించింది. ఇంటికి తెచ్చి గుడ్డతో తడి అద్దింది. గిన్నె పొగలొచ్చేదాకా కాలనిచ్చి, ఒక్కో ముక్కనీ రెండు వైపులా ఎర్రగా కాల్చి పక్కన పెట్టింది. ఆ అడుగులోనే ఉల్లిపాయలు, వెల్లుల్లి వేయించి, టమాటా గుజ్జు పోసి, అడుగంటిన నల్లటి మడ్డినంతా చెక్క గరిటెతో గీకి కలిపింది. రుచంతా ఆ మడ్డిలోనే ఉంటుంది. మాంసం మళ్ళీ పేర్చి, వేలెడేసి క్యారెట్లు, సగానికి కోసిన బంగాళాదుంపలు, నలగ్గొట్టిన మిరియాలు వేసి, ముక్కలు మునిగీ మునగనట్టు నీళ్ళు పోసింది. ఉప్పు వేసింది. మూత పెట్టి చుట్టూ పిండి అంటించింది. ఇక సన్నని సెగ మీద నాలుగున్నర గంటలు, దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు! ఆవిరి పోయిందంటే మాంసం మొండికేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలోనే "నా గిన్నె మూత మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు" అని చెప్పేసింది. మూత తీసేది భోజనాల బల్ల మీదే, అందరి ఎదుటా.

అయితే కూరమ్మ దాచిన సంగతి ఒకటుంది. మోకాళ్ళ నొప్పులన్నది ఒట్టి అబద్ధం. ఏడాదిన్నర కిందట పది రోజులు ఒళ్ళు పేలిపోయేలా జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ ఆమె నాలుకనీ ముక్కునీ పట్టుకుపోయింది! పంచదార నోట్లో వేసుకున్నా ఇసకే, ఉప్పు వేసుకున్నా ఇసకే. "తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అని డాక్టరు తేల్చేశాడు. ఆ రోజు వెంట వచ్చిన చెల్లెలికి తప్ప ఈ సంగతి పిట్టకు కూడా తెలియదు. "నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పకే!" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. వంట తప్ప తనకి ఇంకేం తెలుసు కనక? ఆ ఒక్కటీ పోయిందని తెలిస్తే ఈ ఇంట్లో తనెవరు? నూట ఎనభై మంది పిల్లల తిండితో చెలగాటం ఆడకూడదని క్యాంటీన్ మానేసింది కానీ, ఇంట్లో మాత్రం గరిటె వదల్లేదు. నూనె చిటపటలు విని వండింది. మాంసాన్ని గరిటె వెనకతో నొక్కి చూసి వండింది. ఉప్పు చిటికెలు లెక్కపెట్టి వండింది. ప్రతి ఆదివారం బల్ల చుట్టూ మొహాలు చూసింది. "ఎప్పటిలాగే ఉంది!" అనేవాడు భర్త. "సూపర్ అమ్మా!" అనేది కూతురు.

ఇక అత్తగారు... ఆవిడ సంగతి వేరే. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఏం వండి పెట్టినా ఆవిడ నోట వచ్చేది ఒకే ముక్క. "తినొచ్చు." అంతే! చెమటలు కక్కుకుంటూ చేసినా తినొచ్చు, ఊరికే గుడ్డు ఉడకబెట్టినా తినొచ్చు! ఇరవై రెండేళ్ళకు పైగా ఆ ముక్క కూరమ్మ గొంతులో ముల్లులా ఉండిపోయింది. అలాంటి అత్తగారు... జ్వరం వచ్చి వెళ్ళిన రెండు నెలలకు, ఒక ఆదివారం గిన్నె అడుగు రొట్టెతో తుడుచుకుని తిని, "బాగుంది" అంది! కూరమ్మ గిన్నెలు తోముకుంటూ ఏడ్చింది. నాలుక పోతేనేం, చెయ్యి మిగిలింది కదా అనుకుంది. ఆ ఒక్క మాట ఇచ్చిన ధైర్యంతోనే మొన్న క్యాంటీన్ మెట్లు ఎక్కింది.

ఇప్పుడు ఆ అత్తగారి వేళ్ళే మూత చుట్టూ కనిపిస్తున్నాయి.

కూరమ్మ చెత్తబుట్ట మూత ఎత్తింది. పేపర్లో చుట్టిన పిండి ముక్కలు బయటపడ్డాయి, కుడివైపుకు వాలిన నొక్కులతో సహా. గిన్నెలు తోమే తొట్టి కింద, బకెట్ వెనక, పళ్ళెం బోర్లించి ఒక గిన్నె దాచి ఉంది. పళ్ళెం తీస్తే సగానికి పైగా గోధుమరంగు పులుసు! తను పోసిన పులుసే. తన మాంసం ఊరిన పులుసే! వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. ఏమీ లేదు... నీళ్ళయినా అంతే, కన్నీళ్ళయినా అంతే. ఇందులో ఏం తప్పుందని పారబొయ్యడానికి తీశారో తెలుసుకునే యోగం కూడా తనకి లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గిన్నె రెండు చేతులా పట్టుకుని ముందుగదిలోకి నడిచింది.

బస్ డిపోలో మెకానిక్‌గా చేసే భర్త ఊగుతున్న కుర్చీ కాలికి మేకు కొడుతున్నాడు. కర్టెన్ల కొట్లో కుట్టుపని చేసే చెల్లెలు, సాయానికని వచ్చి, గ్లాసులు తుడుస్తోంది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఎడమచేత్తో బల్లగుడ్డ ముడతలు సవరిస్తోంది. మందుల షాపులో పనిచేసే కూతురు డ్యూటీ అయిపోయి అప్పుడే చెప్పులు విప్పుతోంది.

"ఇదేమిటి అత్తయ్యా?" అంటూ గిన్నె బల్ల మీద పెట్టింది కూరమ్మ.

గదిలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగల్లా నలుగురూ నోళ్ళు కుట్టేసుకున్నారు. ఆ నలుగురి మొహాలూ చూసేసరికి కూరమ్మకు అర్థమైంది. ఒక్క చెయ్యి కాదు, ఇందులో అందరి చేతులూ ఉన్నాయి!

"మాట్లాడరేం? నా గిన్నె మూత ఎందుకు తీశారు? ఇవాళ నాకు ఎంత ముఖ్యమో తెలిసి కూడా... ఇన్నేళ్ళ కసి ఇవాళే తీర్చుకోవాలా మీరు?"

"కసా..." అంది అత్తగారు.

"అమ్మా, నానమ్మనేమీ అనకు!" కూతురు గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది. "నానమ్మ చేసింది నీ కోసమే... ప్రతిసారీ పిండి నేనే అంటించేదాన్ని. ఇవాళ డ్యూటీ పడింది, కుదర్లేదు..."

"ప్రతిసారీనా?!"

నోరు జారిన కూతురు నాలుక కరుచుకుంది. కానీ మాట పెదవి దాటాక ఇంకేముంది!

"ప్రతిసారీ అంటే... ఎన్నాళ్ళ నుంచి?" అంది కూరమ్మ. ఆమె చూపు మెల్లగా చెల్లెలి మీదికి వెళ్ళింది. చెల్లెలి చేతిలో గ్లాసు కిర్రుమంటూ తిరుగుతూనే ఉంది, తడి లేకపోయినా.

"చెప్పేశావా?"

"అక్కా..."

"చెప్పేశావు!"

"ఏం చెయ్యమంటావక్కా?" చెల్లెలు భోరుమంది. "మొదటి ఆదివారం నేనూ ఇక్కడే తిన్నాను కదా! ఉప్పు కషాయం... నోట్లో పెట్టుకోలేకపోయాం! బావగారు నాలుగు గ్లాసుల నీళ్ళు తాగి 'ఎప్పటిలాగే ఉంది' అన్నారు. ఇంకో వారం అసలు ఉప్పే లేదు. అత్తయ్యగారు లేచి ఏదో అనబోతుంటే నేను బతిమాలి పక్కకి తీసుకెళ్ళి చెప్పేశాను. చెప్పకపోతే ఆవిడ నిన్ను ఆ మాట ఈ మాట అనేస్తారని భయపడ్డానక్కా!"

కూరమ్మ మెదడులో ఒక్కొక్కటే చిక్కుముడి విడిపోతోంది. ప్రతి ఆదివారం మూడింటికి చెల్లెలు వచ్చేది. "పద అక్కా, అలా పార్కు దాకా నడిచొద్దాం" అనేది. వారంలో ఆ ఒక్క గంటే తనది అనుకుంది కూరమ్మ. బెంచీ మీద కూర్చుని చిన్నప్పటి కబుర్లు చెప్పుకుని నవ్వుకున్న గంట... తనని ఇంట్లోంచి తప్పించడానికి వేసిన ఎత్తు! ఇవాళా అలాగే తీసుకెళ్ళింది! బల్ల మీదికి ఎన్నడూ లేని ఉప్పు డబ్బా వచ్చింది ఒకరోజు. "డాక్టరు నన్ను ఉప్పు తగ్గించమన్నాడు, మామూలు రోజుల కూరల్లో వెయ్యకు, ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకుంటారులే" అన్నాడు భర్త. ఆయనకేదో జబ్బని బెంగపడి వారం రోజులు అన్నం సరిగా తినలేదు తను! అదీ నాటకమే!

"మీరూ అంతేనాండీ?" భర్త వైపు తిరిగింది. "మొన్న మంగళవారం చీర మార్చుకుని క్యాంటీన్‌కి బయల్దేరాను. గుమ్మం దాకా వచ్చి 'జాగ్రత్తగా వెళ్ళిరా' అన్నారు. అప్పుడైనా... అప్పుడైనా ఆపాలనిపించలేదా? మీ మాట నమ్మే కదా నేను మెట్లెక్కింది! ఆ పిల్లల పళ్ళేల్లో నేను విషం లాంటి ఉప్పు పొయ్యనిచ్చేవారా?"

"చెబుదామనే అనుకున్నానే..." భర్త సుత్తి కింద పెట్టాడు. "నీ మొహం చూసి... ఎన్నాళ్ళకో అలా వెలిగిపోతుంటే... నోరు రాలేదు."

"నా మొహం చూసి ఏడాదిన్నర అబద్ధం చెప్పగలిగారు. అదే మొహం చూసి ఒక్క నిజం చెప్పలేకపోయారు!"

"నువ్వూ మాకు చెప్పలేదుగా అమ్మా?" అంది కూతురు మెల్లగా. "మేం నీకు పరాయివాళ్ళమా?"

ఆ మాట సూటిగా తగిలింది. తగిలింది కాబట్టే ఇంకా కోపం వచ్చింది. కూరమ్మ గిన్నెలోని పులుసు వైపు వేలు చూపించింది.

"ఇందులో ఇవాళ నేనేం తప్పు చేశాను?"

"ఉప్పు రెండుసార్లు వేశావు" అంది అత్తగారు. "భయపడ్డావు. భయపడినప్పుడల్లా వేసింది మర్చిపోయి మళ్ళీ వేస్తావు. సగం పులుసు తీసేసి, వేడినీళ్ళు పోసి, రెండు దుంపలు ఎక్కువేశాను."

"నిజంగానా? అదెలా నమ్మను నేను?" కూరమ్మ అరిచింది. "ఇది ఉప్పగా ఉందో, చప్పగా ఉందో, అమృతంలా ఉందో... మీరు చెబితేనే నాకు తెలియాలి! నాకు మిగిలిన నాలుక మీ మాట ఒక్కటే. దాన్ని కూడా మీరు పాడు చేశారు కదా! ఇకమీదట మీరు 'మంచినీళ్ళు' అని ఇచ్చినా నేను నమ్మి ఎలా తాగాలి?"

చెల్లెలు వెక్కుతోంది. కూరమ్మ అత్తగారికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. అన్నిటికన్నా లోతుగా దిగబడిన ముల్లు అక్కడుంది.

"ఇరవై రెండేళ్ళు నా వంటకి తినొచ్చు అన్నారు. నా నాలుక పోయాక బాగుంది అన్నారు. ఆ మాట కోసం నేను ఎంత ఏడ్చానో మీకు తెలుసా అత్తయ్యా? తీరా చూస్తే అది మీ చేతి వంట! మీ వంటని మీరే మెచ్చుకుని, ఆ మెప్పు నాకు బిచ్చం వేశారా?"

అత్తగారు బల్లగుడ్డను వదిలేసింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, మెల్లగా, మూలుగుతూ లేచింది. ఆ మూలుగు అబద్ధం కాదు. మోకాళ్ళ నొప్పులు ఈ ఇంట్లో నిజంగా ఉన్నది ఆవిడకే.

"అవునమ్మాయ్! మెచ్చుకున్నాను" అంది. "నువ్వు కాపురానికొచ్చిన మూడో రోజు నీకు గుర్తుందో లేదో. నేను పొయ్యి దగ్గర నిలబడుంటే నా కొడుకొచ్చి, 'నువ్విక కూర్చోమ్మా, తనొచ్చిందిగా, తను చూసుకుంటుంది' అన్నాడు. వాడు ప్రేమగానే అన్నాడు వెధవ! నేను కూర్చున్నాను. ఈ కిటికీ దగ్గర. ఇంతవరకూ లేవలేదు. నువ్వు బ్రహ్మాండంగా వండేదానివి. అందుకే నోరు రాలేదు. బాగుంది అంటే ఇక నా అవసరం లేదని నేనే ఒప్పుకున్నట్టు ఉండేది."

"అమ్మా..." అన్నాడు భర్త.

"నువ్వుండరా! సబ్బుకీ వెన్నకీ తేడా తెలియని నాలుక నీది." అత్తగారు మళ్ళీ కోడలి వైపు తిరిగింది. "నీ చెల్లెలు వచ్చి చెప్పినప్పుడు మొదట నాకేమనిపించిందో చెప్పనా? పాపిష్టిదాన్ని... సంతోషం వేసింది! మళ్ళీ గరిటె నా చేతికొస్తుందనుకున్నాను. కానీ నువ్వు వంటింట్లో నిలబడి, ఉప్పు చేతిలో పట్టుకుని, వెయ్యాలో వద్దో తెలియక చూస్తున్నావు... తలుపు సందులోంచి చూశాను. గరిటె లాక్కుంటే మనిషి ఏమైపోతుందో నాకంటే ఎవరికి తెలుసు? అందుకే లాక్కోలేదు. దొంగతనంగా సర్దాను. నా చేతి ఉప్పు నా కొడుకు మళ్ళీ తిన్నాడని మురిసిపోయి బాగుంది అన్నాను. నీకు ఓదార్పుగా ఉంటుందనీ అన్నాను. రెండూ నిజమే. తప్పయితే తప్పే."

కూరమ్మ గోడకు ఆనుకుంది. కోపం పోలేదు. ఇంత చెప్పాక కూడా పోలేదు. కానీ ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం అంతుపట్టలేదు. ఆమె పులుసు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అవతలి నుంచి చెల్లెలు ఎంత పిలిచినా పలకలేదు.

ఏడు గంటలకు మేనేజరమ్మ వచ్చింది. గొడుగు మూలన పెట్టి, గాలి గట్టిగా పీల్చి, "అబ్బ! వీధి మలుపు దాకా వస్తోందండీ వాసన!" అంది. వస్తోందా అనుకుంది కూరమ్మ. మొహం కడుక్కుని, జుట్టు సవరించుకుని, తనే గిన్నె మోసుకొచ్చి బల్ల మధ్యలో పెట్టింది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నారు. కానీ ఆమె మూత తియ్యలేదు. ముందుగా ఒక చిన్న గిన్నెలో, వేడి చేసిన పాత పులుసు తెచ్చి మేనేజరమ్మ ఎదుట పెట్టింది.

"ముందు ఇది ఒక చెంచా తాగండి. మొహమాటం వద్దు. ఎలా ఉంటే అలా చెప్పండి."

మేనేజరమ్మ నవ్వుతూ నోట్లో పోసుకుంది. అంతే! కళ్ళు పెద్దవయ్యాయి, దగ్గు ముంచుకొచ్చింది, చెయ్యి నీళ్ళ గ్లాసు కోసం తడుముకుంది. ఆ మొహంలో అబద్ధం లేదు. పరాయి మొహం కనక ప్రేమ కూడా లేదు. ఏడాదిన్నరగా కూరమ్మకు దొరకని నిజం అక్కడ దొరికింది.

"ఏమండీ ఇది... సముద్రమా?" అంది మేనేజరమ్మ గుటకలు వేస్తూ.

"అది నా వంట" అంది కూరమ్మ. చాకు మొనతో పిండి తాడు పగలగొట్టి మూత ఎత్తింది. ఆవిరి ఆమె మొహం నిండా కమ్ముకుంది, ఏ వాసనా లేకుండా. చెంచా తగిలితే విడిపోయేలా ఉంది మాంసం. ఒక ముక్క, రెండు క్యారెట్లు, ఒక దుంప, చిక్కటి పులుసు పళ్ళెంలో వేసి ఇచ్చింది. "ఇప్పుడు ఇది తినండి."

మేనేజరమ్మ భయపడుతూ ఒక ముద్ద తింది. తర్వాత భయం లేకుండా ఇంకోటి తింది. "ఇదీ! ఇదీ కూరమ్మ వంటంటే!"

"కాదండీ. సగమే నాది." కూరమ్మ కూర్చోకుండా, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి చెప్పింది. జ్వరం సంగతి చెప్పింది. మోకాళ్ళ అబద్ధం చెప్పింది. మూత తీసిన చెయ్యి ఎవరిదో చెప్పింది. చెబుతుంటే ఎక్కడా గొంతు ఆగలేదు కానీ, "మొదటి అబద్ధం నాదే" అన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగింది. ఆ మాట అంటున్నప్పుడు మేనేజరమ్మ వైపు చూడలేదు, కూతురి వైపు చూసింది.

మేనేజరమ్మ చెంచా పళ్ళెంలో పెట్టేసింది. "పెద్ద వంటమనిషంటే వంద గిన్నెలు రుచి చూసి పంపాలండీ..." అంది చివరికి, బాధగా.

"తెలుసండీ. అందుకే నేనే వద్దంటున్నాను."

"చూస్తూ చూస్తూ వదులుకుంటున్నాను మిమ్మల్ని" అంది మేనేజరమ్మ. ఆ ఉద్యోగం వేరొకరికి వెళ్ళిపోయింది. మేనేజరమ్మ మాత్రం రెండోసారి వడ్డించుకుని తిని, వెళ్ళేటప్పుడు అత్తగారి చేతులు రెండూ గట్టిగా నొక్కి వెళ్ళింది.

ఆ వారమంతా కూరమ్మ పొయ్యి వెలిగించలేదు. అత్తగారే కాళ్ళీడ్చుకుంటూ వండింది. పెట్టింది తిని లేచిపోయేది కూరమ్మ. చెల్లెలు రోజూ కొట్టు మూశాక వచ్చి గుమ్మంలో కూర్చునేది. మూడు రోజులు పలకలేదు. నాలుగో రోజు, "కాళ్ళు లాగేస్తాయే, లోపలికొచ్చి ఏడువు" అంది. కూతురు ఒళ్ళో తల పెట్టుకుని "సారీ అమ్మా" అంటే జుట్టు నిమిరింది. భర్త ఉప్పు డబ్బా తీసుకెళ్ళి అటక మీద పెట్టి, ఆ సంగతి పదిసార్లు చెప్పాడు. ఆయన మీద కోపం మాత్రం ఇంకా దిగలేదు, దిగడానికి ఇంకో రెండు వారాలైనా పట్టేలా ఉంది.

ఆదివారం వచ్చింది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తోంది. వంటింట్లోంచి చుయ్‌మని మాంసం కాలుతున్న చప్పుడు వినిపించి అటు తిరిగింది. చప్పుడు ఆగింది. కాసేపటికి పిలుపు వచ్చింది.

"అత్తయ్యా! ఆ స్టూలు తెచ్చుకుని ఇలా రండి!"

ఆవిడ నడిచొచ్చేసరికి గిన్నెలో అన్నీ పేర్చి ఉన్నాయి. నీళ్ళు పోసి ఉన్నాయి. పొయ్యి పక్కన ఉప్పు గిన్నె ఉంది. మూత పక్కనే ఉంది కానీ, పిండి ఇంకా కలపలేదు.

"కూర్చోండి. మీ మోకాళ్ళు నా మోకాళ్ళలాంటివి కావు" అంది కూరమ్మ. అత్తగారు కూర్చుంది. కోడలు ఉప్పు వేసి, కలిపి, చెంచాతో పులుసు తీసి చల్లార్చి, ఆవిడ ఎడమచేతికి అందించింది. "ఒక్క షరతు. ఈ వంటింట్లో ఇంకెప్పుడూ బాగుంది అన్న మాట నాకు వినబడకూడదు. నాకు అక్కర్లేదు. ఉన్నదున్నట్టు చెబుతానంటేనే మూత పెడతాను."

అత్తగారు పులుసు నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది. "చప్పగా ఉంది" అంది.

కూరమ్మ ఒక చిటికెడు వేసి కలిపి మళ్ళీ అందించింది.

"ఇంకా చాలదు."

ఇంకో అర చిటికెడు వేసింది. పెద్దావిడ చప్పరించింది, ఆలోచించింది, మళ్ళీ చప్పరించింది. కోడలి మొహం వైపు చూడకుండా, ఎప్పటి గొంతుతోనే అంది.

"తినొచ్చు."

కూరమ్మ కళ్ళు ధారలు కట్టాయి. చెంగుతో తుడుచుకుని, గోధుమపిండి పళ్ళెం ఇద్దరి మధ్యా పెట్టుకుని, నీళ్ళు పోసి కలపడం మొదలుపెట్టింది.